పంచెకి పర్మిషన్

కిల్ట్ అంటే మోకాళ్ళ దాకా ఎత్తి కట్టిన గళ్ళ లుంగీ. ఈ నిర్వచనం నాది కాదు, మా మామగారిది. స్కాట్లండ్ మగవాళ్ళు పెళ్ళిళ్ళకీ పండగలకీ కుచ్చిళ్ళు పోసిన ఉన్ని గుడ్డ నడుముకి చుట్టుకుంటారని ఆయన ఎన్నడూ వినలేదు. మిషిగన్‌లో, ట్రాయ్ అనే ఊళ్ళో, మా హాల్లో సోఫా మీద కూర్చుని, కిటికీ అవతల పారతో మంచు ఎత్తి పోస్తున్న పక్కింటాయన్ని చూసి ఆ మాట అన్నారు. అని, నా వైపు తిరిగారు. ఆ చూపులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలుసుకుందామన్న కుతూహలం తప్ప ఇంకేమీ లేదు. నా గుండెలో మాత్రం రాయి పడింది.

ఎందుకు పడిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అత్తగారూ మామగారూ నవంబరు మొదట్లో వచ్చారు. ఆర్నెల్లు ఉండి ఏప్రిల్ చివర వెళ్ళేట్టు టికెట్లు. ఇద్దరికీ అమెరికా అదే మొదటిసారి. మా ఆవిడ ఎన్నాళ్ళ నుంచో రమ్మని పోరుతుంటే, "కొట్టు ఎవరికప్పజెప్పి రానమ్మా" అంటూ ఆయన వాయిదా వేస్తూ వచ్చారు. ఆయనకి తెనాలి దగ్గర ఎరువుల కొట్టు ఉంది. తెల్ల చొక్కా, తెల్ల పంచె, అంతే ఆయన వేషం. పెళ్ళిలో కూడా ఆయన ప్యాంటు వేసుకోలేదని అత్తగారు చెబుతారు. వీసా ఇంటర్వ్యూకి ప్యాంటు వేసుకోమన్నది నేను. అప్పుడు కుట్టించుకున్న ఆ ఒక్క ప్యాంటూ పెట్టెలో అడుగున పడేసి తెచ్చుకున్నారు.

వచ్చిన రెండో రోజు పొద్దున్నే ఆయన పంచె పైకి ఎగ్గట్టి, మంకీ క్యాపు పెట్టుకుని, నా పాత జాకెట్ తొడుక్కుని, నోట్లో బ్రష్షుతో, గరాజ్ నుంచి వీధి దాకా ఉన్న డ్రైవ్‌వే చివర నిలబడ్డారు. మన వైపు ఇదేం వింత కాదు. వీధి వైపు చూస్తూ పళ్ళు తోముకోకపోతే చాలామంది మగవాళ్ళకి తెల్లవారినట్టే ఉండదు. కానీ స్కూల్ బస్ ఆగేది సరిగ్గా మా ఇంటి ఎదురుగానే. పిల్లలంతా కళ్ళార్పకుండా చూస్తున్నారు. అదే సమయానికి మా ఆఫీసులో నా మేనేజర్, ఆవిడదీ మా కాలనీయే, కార్ స్లో చేసి గుమ్మంలో ఉన్న నాకు చెయ్యూపి నవ్వింది. మామూలు నవ్వే. ఆవిడ అందరినీ చూసి అలాగే నవ్వుతుంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ క్షణంలోనే మా అత్తగారు నేత చీర మీద కూతురి జాకెట్ వేసుకుని, కాళ్ళకి స్నీకర్లు తగిలించుకుని, చెత్తడబ్బాని గరాజ్‌లోకి లాక్కొస్తున్నారు. ఆవిణ్ణి చూసి నాకేమీ అనిపించలేదు. ఏ గ్రోసరీ షాపులో చూసినా అలాంటి అత్తగార్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తూనే ఉంటారు. చీరకి లేని నామోషీ పంచెకి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. వచ్చింది, అంతే.

ఆయన లోపలికి రాగానే కాఫీ గ్లాసు చేతికిచ్చి, మెల్లిగా మొదలుపెట్టాను.

"మామయ్యగారూ, ఇక్కడ పంచెతో బయటికి వెళ్ళకూడదండీ."

"చలి అనా?"

చలి అని ఊరుకుంటే పోయేది. కానీ చలిని ఆయన లెక్కచెయ్యరు, రేపు మళ్ళీ అలాగే వెళ్ళి నిలబడతారు. నాకు గట్టి కారణం కావాలి.

"చలి కాదండీ. ఇక్కడ హెచ్‌ఓఏ అని ఉంటుంది. ఇళ్ళవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘం. వాళ్ళ రూల్."

హెచ్‌ఓఏ ఉన్నమాట నిజం. గడ్డి ఎంత ఎత్తు పెరగనివ్వాలి, గరాజ్ తలుపుకి ఏ రంగు వెయ్యాలి, చెత్తడబ్బా ఎప్పుడు బయట పెట్టాలి, అన్నిటికీ వాళ్ళ దగ్గర రూల్ ఉంది. ఎవరు ఏం కట్టుకోవాలన్నదానికి మాత్రం లేదు. అది నేను అప్పటికప్పుడు, ఆయన కాఫీ ఊదుకుంటూ ఉండగా, పుట్టించింది.

ఆయన వెంటనే నమ్మేశారు. జీవితమంతా లైసెన్సులతో, ఇన్‌స్పెక్టర్లతో గడిపిన మనిషి. రూల్ అంటే ఆయనకి వానా ఎండా లాంటిది, దానితో వాదించరు.

"అయ్యో, ముందే చెప్పాల్సింది కదండీ అల్లుడు గారూ. తెలీక అలా వెళ్ళి నిలబడ్డాను. మీకేమన్నా మాట రాదు కదా?"

"రాదులెండి," అన్నాను ఉదారంగా. ఆ ఉదారత తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు నుంచి ఆయన బయటికి వెళ్ళాలంటే ప్యాంటు. ఆ ఒక్కటీ చాలదని నా జీన్స్ రెండు ఇచ్చాను. నడుం దగ్గర బిగుతు, కాళ్ళ దగ్గర పొడవు. అత్తగారు కింద మడిచి కుట్టారు. ఆయనకి బెల్టు అలవాటు లేదు. జిప్పు పెట్టుకున్నానో లేదో అన్న అనుమానంతో అడుగడుక్కీ చెయ్యి అటే పోయేది, ఎవరన్నా చూస్తారేమోనని మళ్ళీ తీసేవారు. కింద కూర్చుంటే లేవలేరు, లేస్తే బెల్టు పొట్టలోకి దిగుతుంది. మా ఇంట్లో షూ వేసుకోవడానికి చిన్న బల్ల ఉంది. ఆ ప్యాంటుతో దాని మీద వంగి లేసులు కట్టుకునేసరికి ఆయన మొహం ఎర్రబడేది. నాలుగు రోజులు అలా తంటాలు పడి, తర్వాత మెల్లిగా బయటికెళ్ళడమే మానేశారు. ఇంట్లో పంచె, కిటికీ, సోఫా. అదీ ఆయన అమెరికా.

డిసెంబరులో ఒకరోజు భోజనాల దగ్గర ఆయన చెయ్యి కడుక్కుంటూ, "అల్లుడు గారూ, టికెట్ కాస్త ముందుకి జరపడానికి వీలవుతుందా? జనవరికి," అన్నారు.

మా ఆవిడ గరిటె అలాగే పట్టుకుని ఉండిపోయింది. "ఏం నాన్నా? ఏమైంది?"

"ఏం లేదమ్మా. కొట్టు చూసుకోవాలి కదా."

కొట్టు బాగానే నడుస్తోందని రోజూ వీడియో కాల్‌లో ఆయనే చెబుతున్నారు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయి, నేను వెనకాలే వెళ్తే, సింక్ ట్యాప్ తిప్పి ఆ నీళ్ళ చప్పుడు మాటున ఏడ్చింది.

"నా ఇంట్లో నాన్నకి ఏం తక్కువ చేశాను? ఆర్నెల్లు ఉంటాడని ఎంత ఆశపడ్డాను. రైస్ నచ్చట్లేదేమో కదా? రేపు ఇంకో బ్రాండ్ ట్రై చేద్దాం. నువ్వేమన్నా కనిపెట్టావా?"

"లేదే," అన్నాను.

తను మర్నాడు ఆఫీసు మధ్యలో లీవ్ పెట్టి మూడు ఇండియన్ స్టోర్లు తిరిగి మూడు రకాల బియ్యం తెచ్చింది. గోంగూర కోసం ఎవరింటికో పోయి ఫ్రీజర్లో దాచిన కట్ట అడిగి పట్టుకొచ్చింది. ఆయన అన్నీ మెచ్చుకుని తిన్నారు. తిని, మళ్ళీ వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నారు. కారణం నా జీన్స్ అని ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. చెబితే తను నన్ను ఏం చేస్తుందో తెలుసు కాబట్టి నోరు మెదపలేదు. ముద్ద మింగుడు పడేది కాదు. అయినా రెండోసారి వడ్డించుకునేవాణ్ణి, అనుమానం రాకుండా.

అలాంటి రోజుల్లో మంచు పడింది. మొదటి పెద్ద మంచు. మా పక్కింటాయన కార్ల కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి. తాతల కాలంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన కుటుంబం. ఏటా మొదటి పెద్ద మంచు పడిన దగ్గర్నుంచి కిల్ట్ వేసుకునే డ్రైవ్‌వే శుభ్రం చెయ్యడం ఆయన సరదా. ఈ సంగతి నాకు తెలియనిదేం కాదు. కిందటేడు ఆయన్ని అదే వేషంలో ఫోటో తీసి, 'ఎంత కూల్‌గా ఉన్నాడో చూడండి' అని మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది కూడా నేనే. నా కూల్ అంతా పక్కింటి వాళ్ళకే, ఇంట్లోవాళ్ళకి రూల్.

అదిగో, ఆయన్ని చూసే మామగారు 'గళ్ళ లుంగీ' అన్నది. అని, అడిగారు.

"మరి ఆయనకి రూల్ లేదాండీ?"

ఒప్పేసుకోవడానికి అంతకంటే మంచి తలుపు ఎవరూ తెరవరు. నేను ఆ తలుపు వేసేశాను.

"అది వాళ్ళ సంప్రదాయం కదండీ. పర్మిషన్ తీసుకుని ఉంటాడు."

ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "అంటే అడిగితే ఇస్తారన్నమాట!"

ఈ మలుపు నేను ఊహించలేదు. లైసెన్సులు తెచ్చుకుని బతికిన మనిషికి పర్మిషన్ అన్న మాట చెబితే ఏమవుతుందో ఆలోచించాల్సింది. ఆయనకి అది గోడలా కాదు, దారిలా వినబడింది.

"మనది కూడా సంప్రదాయమే కదండీ. ఒకసారి కనుక్కోండి. తొందరేం లేదు."

తొందరేం లేదన్నారు గానీ రోజూ సాయంత్రం నేను ఆఫీస్ నుంచి వచ్చి షూ విప్పుతుంటే ఎదురొచ్చేవారు. "ఏమన్నా తెలిసిందాండీ?" నేను "వాళ్ళ మీటింగ్ ఇంకా అవలేదండీ" అనేవాణ్ణి. "పోనీలెండి, పండగ సీజను కదా, వాళ్ళకీ పనులుంటాయి," అని నన్నే ఓదార్చేవారు. అబద్ధం చెప్పేవాడికి కోపగించుకునే మనిషి దొరికితే ఎంత సుఖమో నాకు అప్పుడు తెలిసింది.

ఆ వచ్చే శనివారం నేను బేస్‌మెంట్‌లో, ఇల్లు వెచ్చగా ఉంచే ఫర్నేస్‌కి ఫిల్టర్ మారుస్తుంటే అత్తగారు పైనుంచి కేకేశారు. "బాబూ, మీ మామగారు పక్కింటికెళ్ళారు!"

పరుగెత్తాను. చెప్పులతోనే, మంచులో. అప్పటికే ఆయన పక్కింటాయన ఎదురుగా నిలబడి ఉన్నారు. ఒంటి మీద నా జీన్స్. చేతి మీద ఇస్త్రీ చేసి మడత పెట్టిన పంచె. పక్కింటాయన కిల్ట్‌లో, పార మీద చెయ్యి ఆనించి శ్రద్ధగా వింటున్నాడు.

"సర్, ఐ యామ్ నెక్స్ట్ హౌస్ ఫాదర్ ఇన్ లా," అంటున్నారు మామగారు. "దిస్ అవర్ డ్రెస్. యూ గాట్ పర్మిషన్. మీ ఆల్సో రిక్వెస్ట్, సర్."

పక్కింటాయనకి ఏమీ అర్థం కాలేదు. కనుబొమలు ఎత్తి నా వైపు చూశాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన ఆ ఏడు మా హెచ్‌ఓఏ బోర్డులో సభ్యుడు. ఆ మాట నాకు తెలుసు, మామగారికి తెలియదు. అంటే ఆయన అడగాల్సినవాడినే పోయి అడిగారు, ఏమీ తెలియకుండానే.

నేను చేసిన పని చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఇంగ్లీషులో, మామగారి చెవికి అందనంత వేగంగా, జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా ఆయనకి చెప్పేశాను. రూల్ లేదని, ఉందని నేను చెప్పానని, ఈయన నమ్మారని, ప్లీజ్ అని. నా పక్కన మామగారు, అల్లుడు తన తరపున ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో అన్నట్టు, తల ఊపుతూ నిలబడ్డారు.

పక్కింటాయన పారకి అంటిన మంచు దులిపాడు. తర్వాత నెమ్మదిగా నాతో అన్నాడు. "నాకూ ఒకప్పుడు ఇలాంటి రూల్ ఉండేది. మా అబ్బాయి స్కూల్‌కి నేను కిల్ట్ వేసుకుని రాకూడదని. ఆ రూల్ పెట్టింది మా అబ్బాయే. వాడికి అప్పుడు పదకొండేళ్ళు." ఆగి, నా నెరుస్తున్న జుట్టు వైపు చూశాడు. నాకు నలభై దాటి చాలాకాలమైంది.

తర్వాత మామగారి వైపు తిరిగి, పార పక్కన పెట్టి, నిటారుగా నిలబడి, "పర్మిషన్ గ్రాంటెడ్, సర్," అన్నాడు.

మామగారు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. పంచె చంకలోకి జారింది.

"ఒక్క షరతు," అన్నాడు పక్కింటాయన. లోపలికి వెళ్ళి మోకాలి దాకా వచ్చే ఉన్ని సాక్స్ జత తెచ్చి ఇచ్చాడు. "ఇవి వేసుకోవాలి. చలి మోకాలి దగ్గర కాదు, మడమ దగ్గర మొదలవుతుంది." నేను దాన్ని తెలుగులో చెప్పాను. ఆ రోజంతా నేను తెలుగులోకి నిజంగా మార్చిన మాట అదొక్కటే.

ఇక ఆ తర్వాత మా వీధి చూసిన వేడుక చెప్పాలంటే ఒక పూట పడుతుంది. రోజూ పదకొండింటికి, ఎండ కాస్త మొహం చూపించే వేళకి, ఇద్దరూ నడకకి బయల్దేరేవారు. ఒకాయన గళ్ళ కిల్ట్, ఇంకొకాయన తెల్ల పంచె. ఇద్దరికీ ఒకేరకం సాక్స్. మామగారికి పంచె లోపల ఒంటికి అతుక్కునే వెచ్చటి థర్మల్స్ కూడా ఉండేవి, అత్తగారి పట్టుదల వల్ల. "లోపల ఆయనేమన్నా వేసుకుంటాడాండీ?" అని మామగారు నన్ను గుసగుసగా అడిగారు. నేను ఆయన తరపున అడిగితే పక్కింటాయన "అది ఆ రోజు చలిని బట్టి," అన్నాడు. మామగారు పకపకా నవ్వారు. అమెరికా వచ్చాక ఆయన అలా నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

అత్తగారికి మాత్రం కిల్ట్ కొలత మీద పడింది ధ్యాస. దానికి ఎనిమిది గజాల గుడ్డ పడుతుందని తెలిసి నోరు నొక్కుకున్నారు. "నా చీర కంటే రెండు గజాలెక్కువ! పాపం, వాళ్ళావిడ ఎట్టా ఉతుకుతుందో." పంచెకి ఊళ్ళో పెట్టినట్టే గంజి పెట్టి, ఎండ కనబడింది కదా అని ఒకరోజు ఇంటి వెనక చెక్క డెక్ మీద ఆరేశారు. గంటకల్లా అది అప్పడంలా బిగుసుకుపోయింది. తీసి గోడకి ఆనిస్తే పడకుండా నిలబడింది. దాన్ని వంటింట్లోకి తెచ్చి, స్టవ్ పక్కన నిలబెట్టి, అది మెత్తబడి కూలేదాకా మేమంతా చుట్టూ చేరి చూశాం.

అసలు శత్రువు చలి కాదు, గాలి. మా వీధి మలుపు దగ్గర గాలి ఒక్క ఊపున వస్తుంది. కిల్ట్ బరువైన గుడ్డ, పైగా దానికి ముందు వైపు పెద్ద పిన్ను ఉంటుంది. పంచెకి అవేమీ లేవు. మొదటిరోజు మామగారు మలుపు దాటేసరికి రెండు చేతులతో పంచె పట్టుకుని, పక్కకి నడుస్తూ ఇల్లు చేరారు. అత్తగారు తన గాజుకి వేలాడుతున్న పిన్నీసు తీసి ఇచ్చారు. మర్నాడు మామగారు పక్కింటాయన పిన్ను పక్కన తన పిన్నీసు పెట్టి చూపించారట. ఆయన మెచ్చుకోలుగా టోపీ తీశాడట. శని, ఆదివారాల్లో స్కూల్ బస్ పిల్లలు ఎదురొచ్చి ఇద్దరి అరచేతులూ చరిచి హైఫైవ్ ఇవ్వడం మొదలుపెట్టారు. మా మేనేజర్ కార్ ఆపి, ఆ తెల్ల గుడ్డ ఎక్కడ దొరుకుతుందని నన్నే అడిగింది, వాళ్ళాయన కోసం.

టికెట్ మాట ఆయనే ఎత్తారు. "జనవరి వద్దులెండి. ఏప్రిల్‌లోనే ఉండనివ్వండి."

ఆ మాటకి మా ఆవిడ మొహం చూడాలి. ఆ ఆదివారం ఇండియన్ స్టోర్‌కి డ్రైవ్ చేస్తుంటే నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "నాన్న అందరికీ ఫోన్ చేసి చెప్తున్నాడు తెలుసా? మా అల్లుడు గారు వెళ్ళి మాట్లాడి పర్మిషన్ ఇప్పించారు అని. నువ్వు ఇంత పని చేశావని నాకు చెప్పనేలేదు. థాంక్స్."

తిట్లు ఎన్ని తిన్నా నాకేం కాదు. ఆ థాంక్స్ మాత్రం మొయ్యలేకపోయాను. స్టోర్ పార్కింగ్‌లో కార్ ఆపి, ఇంజిన్ ఆపకుండా, అంతా చెప్పేశాను.

తను కారు ముందు అద్దంలోంచి ఎదురుగా బండ్లలో సామాను తోసుకుపోతున్నవాళ్ళని చూస్తూ కూర్చుంది.

"మా అమ్మ చీర మీద రూల్ లేదా?" అంది చివరికి.

నేను హీటర్ గుండీ అటూ ఇటూ తిప్పాను.

"నా వంట నచ్చక వెళ్ళిపోతానంటున్నాడేమో అనుకున్నాను. నా చేతి వంట. నువ్వు పక్కనే కూర్చుని రెండోసారి అన్నం పెట్టించుకున్నావ్."

"తప్పయింది."

"నాకు కాదు. ఆయనకి చెప్పు. నువ్వే చెప్పాలి. నేను చెప్పను. నువ్వు చెప్పేదాకా నాతో మాట్లాడకు."

అన్న మాట మీద నిలబడింది. నాతో మాటలన్నీ టెక్స్ట్ మెసేజ్‌లే, ఒకే ఇంట్లో. నేను రోజూ చెబుదామనుకునేవాణ్ణి. సాయంత్రం నేను రాగానే ఆయన కళ్ళు మెరుస్తూ ఎదురొచ్చి, "ఇవాళ ఏటి దాకా వెళ్ళొచ్చామండీ" అంటే "మంచిదండీ" అని షూ విప్పుకునేవాణ్ణి. రేపు, రేపు అనుకుంటూ వారం జరిపాను.

శనివారం వచ్చింది. ఇక లాభం లేదని గట్టిగా నిశ్చయించుకుని మెట్లు దిగాను. మా ఆవిడ మెట్ల మీదే కూర్చుని బట్టలు మడత పెడుతోంది. నేను దేనికి దిగుతున్నానో తనకి తెలుసు. కాళ్ళు పక్కకి తీసి దారిచ్చింది.

మామగారు హాల్లో నాకోసమే ఎదురుచూస్తున్నారు. చేతిలో కొత్త పంచె, ఎర్ర అంచుది. వచ్చిన రోజు అల్లుడికని బట్టలు పెడితే తీసుకుని నేను క్లాజెట్‌లో పైన పారేసిందే.

"మామయ్యగారూ, మీతో ఒక మాట..." అన్నాను.

"ముందు నా మాట వినండి. మొన్న నడుస్తూ మీ సంగతి కూడా అడిగేశాను ఆయన్ని. మీకూ పర్మిషన్ ఇచ్చేశాడు."

"నాకా?"

"మరి! నా ఒక్కడికీ తెచ్చుకుని మిమ్మల్ని వదిలేస్తానా?" పంచె మడత విప్పి ఒక్కసారి విదిలించారు. "నేను నాలుగు రోజులు ప్యాంటు వేసుకునేసరికే ఊపిరాడక ఊరెళ్ళిపోదామనుకున్నాను. మీరు పద్నాలుగేళ్ళ నుంచి ఇక్కడున్నారు. సొంత ఇల్లు కొనుక్కుని, సొంత గుమ్మంలో పంచెతో నిలబడే వీల్లేకుండా ఎట్లా ఉన్నారండీ ఇన్నాళ్ళూ? ఒక్కనాడు మాతో ఫోన్‌లో అనలేదు. మేం బాధపడతామని కదూ? నాకు ఇది తెలిసినప్పటి నుంచి అదే దిగులు. మా అమ్మాయితో కూడా అనలేదు నేను."

ఆయన నవంబరు నుంచి కిటికీ దగ్గర కూర్చుని దిగులుపడింది తన గురించి అనుకున్నాను. అందులో నేను కూడా ఉన్నాను. నేను పుట్టించిన రూల్ కింద నేను నలిగిపోతున్నానని ఆయన జాలిపడ్డారు. ఇప్పుడు నిజం చెబితే ఆయన చేతిలోంచి ఆ పంచె లాక్కున్నట్టే. చెప్పకపోతే దొంగనే. ఏది తక్కువ పాపమో తేల్చుకోలేక మెట్ల వైపు చూశాను.

మా ఆవిడ మడత పెడుతున్న బట్ట ఒళ్ళో పెట్టుకుని అంతా వింది. కళ్ళనిండా నీళ్ళు. వారంపాటు నాతో మాట్లాడని మనిషి నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏదో మాటన్నారు?" అన్నారు మామగారు.

"ఏం లేదండీ. కట్టుకోవడం సరిగా రాదు, అదే."

"ఎట్లా వస్తుంది, పాపం," అని ఆయన దగ్గరికొచ్చారు. ప్యాంటు మీదనే పంచె నా నడుముకి చుట్టి, అంచు సరిచేసి, లోపలికి దోపి, ఇక ప్యాంటు తీసెయ్యమన్నారు. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి తీసేసి వచ్చాను. థర్మల్స్ పైన ఉన్నాయని గుర్తొచ్చినా వెళ్ళి తెచ్చుకోవాలనిపించలేదు.

తలుపు తీశారు. పక్కింటాయన అప్పటికే వీధిలో నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు, నా కాళ్ళ వంక చూశాడు, టోపీ సర్దుకుని నడక మొదలుపెట్టాడు. మలుపు దగ్గరికి చేరేసరికి గాలి కొట్టింది. నా మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి. మామగారు తన పిన్నీసు తీసి నా పంచెకి పెట్టి, తన పంచె చేత్తో పట్టుకున్నారు.

"హాయిగా ఉంది కదండీ?" అన్నారు నా మొహంలోకి చూస్తూ.

"హాయిగా ఉందండీ," అన్నాను. ఆయనకి ఇన్ని అబద్ధాలు చెప్పాను గానీ, చలి నాకు తగిలింది ఆ ఒక్కదానికే.